బెజవాడలో ఎంఎంఏ నేర్చుకోవాలంటే జిమ్ ఎలా వెతకాలి?

పటమట నుంచి భవానీపురం దాకా ఏ రోడ్డున వెళ్లినా ఏదో ఒక మేడ మీద కరాటే బోర్డు కనపడుతుంది. ఈ నాలుగైదేళ్లలో ఆ బోర్డుల మీద కరాటే, కిక్‌బాక్సింగ్ కింద ఇంకో వరుస చేరుతోంది: ఎంఎంఏ, అంటే మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్. ఆ వరుస రాయించడం ఒక్కపూట పని. లోపల నేర్పేది మారాలంటే కింద పరిచిన మ్యాట్ మారాలి, వారం టైంటేబుల్ మారాలి, నేర్పే మనిషి ఎక్కడో మళ్లీ కొన్నేళ్లు శిష్యరికం చేసి రావాలి. కొన్నిచోట్ల అదంతా జరిగింది. కొన్నిచోట్ల బోర్డు ఒక్కటే మారింది.

నేను మొదట చేరిన చోటు రెండో రకం. పేరు చెప్పను. ఆర్నెల్ల ఫీజు ఒకేసారి కట్టించుకున్నారు. రెండో వారంలోనే నాకంటే పాతిక కిలోలు బరువున్న సీనియర్ ముందు గ్లవ్స్ తొడిగించి నిలబెట్టారు. మాస్టారు ఆ టైంలో ఫోన్‌లో మాట్లాడుతున్నారు. పక్కటెముక మీద తగిలిన దెబ్బకి మూడు వారాలు పక్కకి తిరిగి పడుకోలేకపోయాను, దగ్గొస్తే కళ్లనీళ్లు వచ్చేవి. నయమయ్యాక వెళ్తే "ఆ మాత్రానికే మానేస్తే ఎట్లా" అన్నారు. తర్వాత ఇంకో చిన్న హాల్లో చేరాను. అక్కడ మొదటిరోజు మొదటి పది నిమిషాలు ఓటమి ఒప్పుకోవడం ఎలాగో నేర్పారు: పట్టు బిగుసుకోగానే ఎదుటివాడి ఒంటి మీద చేత్తో రెండుసార్లు తట్టడం, చేతులు ఆడకపోతే నోటితో చెప్పడం. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. ఈ రెండు చోట్ల మధ్య తేడా డబ్బు కట్టకముందే కనిపెట్టొచ్చని నాకు ఆలస్యంగా తెలిసింది. మీకు ఆ ఆలస్యం అక్కర్లేదు.

1. మీకేం కావాలో ముందు తేల్చుకోండి

ఎంఎంఏలో మూడు పనులున్నాయి. నిలబడి కొట్టడం, పట్టుకుని పడెయ్యడం, పడ్డాక నేల మీద పట్టు బిగించి లొంగదీయడం. మన కుస్తీ గోదాలో వీపు నేలకి ఆనితే ఆట అయిపోతుంది. ఇక్కడ వీపు నేలకి ఆనాకే సగం ఆట మొదలవుతుంది.

ఆ మూడో పని ఎందుకంత ముఖ్యమో 1993 నవంబర్ 12న అమెరికాలోని డెన్వర్‌లో తేలింది. ఇవాళ ఎంఎంఏలో అన్నిటికంటే పెద్ద పోటీల సంస్థ అయిన యూఎఫ్‌సీ మొదటి పోటీ అది. ఒకే రాత్రి ఎనిమిది మంది బరిలోకి దిగారు, రకరకాల విద్యలవాళ్లు. బాక్సర్ ఉన్నాడు, సుమో యోధుడున్నాడు, కిక్‌బాక్సింగ్ వాళ్లున్నారు. గెలిచింది మాత్రం వాళ్లలో చూడ్డానికి మామూలుగా ఉండే రాయిస్ గ్రేసీ. నేల మీద పట్లతో లొంగదీసే బ్రెజిలియన్ జియు జిట్సు తెలిసిన మనిషి. వరసగా ముగ్గురిని నేల మీదికి దించి లొంగదీశాడు. గుద్దడం ఎంత బాగా వచ్చినా, కింద పడ్డాక ఏం చేయాలో తెలియకపోతే ఆ గుద్దుకి విలువ లేదని ఆ రాత్రి అందరికీ అర్థమైంది. అప్పట్నుంచి కొట్టేవాళ్లు పట్లు నేర్చుకున్నారు, పట్లవాళ్లు కొట్టడం నేర్చుకున్నారు. ఇవాళ మూడూ రాకపోతే అది ఎంఎంఏ కాదు.

కాబట్టి వారం మొత్తంలో ఒక్కరోజు కూడా నేల మీద పని చేయించని చోట మీరు నేర్చుకునేది కిక్‌బాక్సింగ్. అది మంచి విద్యే. బరువు తగ్గాలి, ఆయాసం తగ్గాలి, రోజూ గంట చెమట పట్టాలి అనుకుంటే అది చాలు కూడా, హాయిగా చేరండి. కానీ ఎంఎంఏ అని చెప్పి ఫీజు తీసుకునేచోట మూడూ అడిగే హక్కు మీకుంది.

పోటీకి వెళ్లాలన్న కోరిక మనసులో ఉంటే దాచుకోకండి. 2017లో భరత్ ఖండారే యూఎఫ్‌సీలో పోరాడిన మొదటి భారతీయుడయ్యాడు. 2024 జూన్‌లో పూజా తోమర్ యూఎఫ్‌సీలో గెలిచిన మొదటి భారతీయ మహిళ అయింది. ఆమె వూషూ అనే చైనా యుద్ధవిద్య నుంచి వచ్చింది. ముందు ఒక విద్యలో గట్టిపడి, తర్వాత మిగతావి కలుపుకోవడం అనే దారి మనలాంటి ఊళ్లకి బాగా సరిపోతుంది. ఎందుకో కింద చెప్తాను.

ఆత్మరక్షణ కోసం అనుకునేవాళ్లకి ఒక మాట. ఒక మనిషి మీ చెయ్యి పట్టుకుంటే, కిందకి తోస్తే, ఈ విద్య నిజంగా పనికొస్తుంది. కత్తి ఉన్నా, ముగ్గురు చుట్టుముట్టినా పరిగెత్తడమే సరైనది. దీనికి భిన్నంగా చెప్పే మాస్టారి దగ్గర చేరొద్దు.

2. ఊళ్లో ఏమేం దొరుకుతాయో లెక్కేసుకోండి

మూడూ ఒకే కప్పు కింద బాగా నేర్పే చోటు దొరికితే అదృష్టం. దొరక్కపోతే వెతుకులాట ఆపెయ్యక్కర్లేదు. కొట్టడం ఒకచోట వారానికి మూడు రోజులు, పడెయ్యడం, పట్లు ఇంకోచోట రెండు రోజులు పెట్టుకుంటే మొదటి ఏడాదికి అది చక్కటి ఏర్పాటు. బోర్డు మీద ఎంఎంఏ అని ఉండి ఏదీ గట్టిగా రాని చోటుకంటే, పాతకాలపు జూడో మాస్టారు ఒకరు, బాక్సింగ్ కోచ్ ఒకరు దొరకడం ఎంతో మేలని నా గట్టి నమ్మకం.

వీళ్లలో చాలామందికి ఇంటర్నెట్‌లో పేజీలుండవు, వెళ్లి అడగాల్సిందే. విజయవాడలో అయితే బందరు రోడ్డు మీద ఇందిరాగాంధీ మునిసిపల్ స్టేడియం, దండమూడి రాజగోపాల్ పేరున్న ఇండోర్ స్టేడియం దగ్గరకి సాయంత్రం పూట వెళ్లండి. గుంటూరులో బీఆర్ స్టేడియం, బృందావన్ గార్డెన్స్‌లోని ఎన్టీఆర్ స్టేడియం. అక్కడ ఆడే కుర్రాళ్లని "తమ్ముడూ, ఇక్కడ జూడో ఎవరు నేర్పుతారు? కుస్తీ ఎక్కడ చేస్తారు?" అని అడిగితే ఆఫీసులో దొరకని సమాచారం దొరుకుతుంది. వడ్డేశ్వరం, నాగార్జున నగర్, అమరావతి వైపు యూనివర్సిటీల్లో చదివేవాళ్లు తమ ఫిజికల్ డైరెక్టర్‌ని కలవండి. జూడో, కుస్తీ, బాక్సింగ్‌లకి యూనివర్సిటీల మధ్య పోటీలు జరుగుతాయి కాబట్టి ఎవరు ఎక్కడ సాధన చేస్తున్నారో ఆయన చెప్పగలరు.

ఏ విద్య ఏమిస్తుంది, ఏం వదిలేస్తుంది అన్నది తెలిసి చేరాలి. బాక్సింగ్ చేతులకి, తల కదలికకి, అడుగులకి పునాది. కాలు లేపడం, పట్టుకోవడం అందులో లేవు. థాయ్‌లాండ్ విద్య ముయే థాయ్‌లో కాళ్లు, మోకాళ్లు, మోచేతులు, మెడ పట్టుకుని పోరాడటం అన్నీ ఉన్నాయి, నిజంగా తెలిసినవాళ్లు దొరికితే కొట్టడానికి అంతకంటే మంచి పునాది లేదు. టైక్వాండో కాళ్లకి అద్భుతం, అయితే పోటీ నిబంధనల్లో పిడికిలితో ముఖం మీద కొట్టడం నిషేధం కాబట్టి చేతులు కిందకి వేలాడేసే అలవాటు అవుతుంది. తాకగానే పాయింటిచ్చి ఆపే కరాటే స్పారింగ్ (ఎదురెదురుగా నిలబడి చేసే సాధన పోరు) నుంచి వచ్చినవాళ్లకి దూరం అంచనా బాగుంటుంది, దెబ్బ తగిలాక ఏం జరుగుతుందో తెలియదు.

జూడోలో పడెయ్యడం, కింద నొక్కిపట్టడం, మెడ బిగించే చోక్‌లు, మోచేతి తాళాలు అన్నీ ఉన్నాయి. రెండు లోటులున్నాయి. జాకెట్ పట్టుకుని నేర్చుకుంటారు, ఎంఎంఏలో జాకెట్ ఉండదు. అంతర్జాతీయ జూడో 2010 నుంచి కాళ్లు పట్టి పడెయ్యడాన్ని తగ్గిస్తూ వచ్చి 2013లో పూర్తిగా నిషేధించింది కాబట్టి ఇప్పటి జూడో పిల్లలకి ఆ పట్టు రాదు. కుస్తీ ఆ లోటు తీరుస్తుంది. ఇక్కడ మన కబడ్డీ గురించి చెప్పాలి. చీలమండ పట్టు, తొడ పట్టు, కదులుతున్న మనిషి కిందకి దూరి నడుం పట్టెయ్యడం చిన్నప్పుడే చేసినవాళ్లు టేక్‌డౌన్లు, అంటే పట్టుకుని పడెయ్యడం, అందరికంటే ముందు అందుకోవడం మా క్లాసులో నేను చాలాసార్లు చూశాను. మీరు స్కూల్లో కబడ్డీ ఆడి ఉంటే ఆ మాట కోచ్‌కి తప్పక చెప్పండి.

3. వారానికి మూడుసార్లు వెళ్లగలిగే దూరమేనా?

పోరంకిలో ఇల్లు, గొల్లపూడిలో జిమ్ అయితే సాయంత్రం ఏడింటికి బెంజి సర్కిల్ దాటడం మీ సాధనలో భాగమైపోతుంది. గుంటూరు నుంచి వచ్చేవాళ్లకి మంగళగిరి మీదుగా కనకదుర్గ వారధి దాటడానికే గంట పైన పడుతుంది. మొదటి వారం ఉత్సాహంలో ఇవేవీ లెక్కలోకి రావు, నాలుగో వారం వర్షం పడితే మానేస్తారు. అరగంటలోపు ఉన్న ఓ మోస్తరు చోటు, గంటన్నర దూరంలోని గొప్ప చోటుకంటే కొత్తవాళ్లకి మేలు. ఒక ఏడాది తర్వాత మీ ఆట మీకే ఇంకా కావాలనిపిస్తే అప్పుడు దూరం వెళ్లండి, హైదరాబాద్ కూడా వెళ్లండి.

4. ఫోన్ చేసి ఈ నాలుగూ అడగండి

నేల మీద పట్లు వారానికి ఎన్ని రోజులు నేర్పుతారు? కొత్తవాళ్లకి విడిగా క్లాసుందా, అందరూ కలిసేనా? స్పారింగ్ ఎప్పుడు మొదలుపెట్టిస్తారు? చేరకముందు ఒక క్లాసు కూర్చుని చూడొచ్చా?

నాలుగో ప్రశ్నకి "చూడ్డానికేముందమ్మా, చేరండి, తర్వాత మీకే తెలుస్తుంది" అని జవాబొస్తే ఆ నంబర్ కొట్టేసి తర్వాతి చోటుకి చేయండి. మూడో ప్రశ్నకి "మొదటిరోజే" అన్నా అంతే. జియు జిట్సులో, కుస్తీలో మెల్లగా పట్లు ప్రయత్నించే రౌండ్లు రెండుమూడు వారాల్లో మొదలుపెట్టించడం మామూలే. ముఖం మీద దెబ్బలు తగిలే స్పారింగ్‌కి మాత్రం కనీసం మూడు నెలలైనా ఆగాలని నా అభిప్రాయం. నేను ఇష్టపడే జవాబు: "మీ చేతులు ఎప్పుడు తయారయ్యాయో చూసి చెప్తాను."

5. ఒక క్లాసు మొత్తం కూర్చుని చూడండి

ఈ వ్యాసంలో ఒక్క పని మాత్రమే చేస్తానంటే ఇదే చేయండి. మొదటి పావుగంట చూసి వచ్చెయ్యకండి. అన్నిచోట్లా మొదటి పావుగంట ఒకేలా ఉంటుంది, గుండ్రంగా పరుగెడతారు. చివరి అరగంటలో జిమ్ అసలు రూపం బయటపడుతుంది.

ముందు నేల చూడండి. చెప్పులు విప్పి మ్యాట్ మీద మోకాళ్లతో కూర్చోండి. కింద గట్టినేల తగిలితే అక్కడ పడెయ్యడం నేర్పలేరు, నేర్పితే ఎవరిదో భుజం పోతుంది. ముక్కలుగా అతికించిన మ్యాట్ అయితే అతుకుల మధ్య కాలివేలు దూరే సందులున్నాయా చూడండి, కాలివేళ్లు విరిగేది అక్కడే. అద్దెకి తీసుకున్న షాపు హాళ్లలో మధ్యలో స్తంభాలుంటాయి. వాటికి మెత్తటి చుట్టు ఉందా? గోడ పక్కన గచ్చు ఎంత మేర బయటపడి ఉంది? గాలి ఆడుతుందా? మే నెలలో మన ఊళ్లో 45 డిగ్రీల దగ్గరికి వెళ్లే రోజులుంటాయి, రేకుల కప్పు కింద కిటికీ లేని హాల్లో గంటన్నర సాధన అంటే వడదెబ్బతో ఆడుకోవడమే. పంజరం, అంటే పోటీలు జరిగే కంచె కట్టిన బరి, ఉందా లేదా అన్నది పట్టించుకోకండి. పంజరం ఫొటోలకి బాగుంటుంది, మొదటి ఏడాదిలో మీకు దానితో పని లేదు.

తర్వాత గడియారం చూడండి. గంట క్లాసులో నలభై నిమిషాలు బర్పీలు, గుంజీలు, తాళ్లాటలు అయితే మిగిలిన ఇరవై నిమిషాల్లో విద్య ఏం నేర్పుతారు? మంచి క్లాసు ఇలా నడుస్తుంది: ఒళ్లు వేడెక్కించడం కాసేపు, కోచ్ ఒకటి రెండు కదలికలు చూపించడం, జంటలుగా వాటిని పదే పదే చేయడం, తర్వాత అదే కదలికని ఎదుటివాడు కొద్దిగా అడ్డుకుంటుండగా ప్రయత్నించడం, చివర్లో కొన్ని రౌండ్లు. ఎదుటివాడు అడ్డుకునే ఆ దశ ఎప్పుడూ లేని చోట నేర్చుకున్నది నాటకంలో కత్తియుద్ధం లాంటిది.

ఇప్పుడు మనుషుల్ని చూడండి. నేను చూసేవి నాలుగు క్షణాలు.

బలవంతుడికి, బలహీనుడికి జత పడినప్పుడు బలవంతుడు ఏం చేస్తున్నాడు? తన బలం దాచుకుని ఎదుటివాడికి పని చేసే వీలిస్తున్నాడంటే, ఆ పద్ధతి అతనికి ఎవరో నేర్పారు. ఊరికే రాదది.

ఎవరైనా ట్యాప్ చేయగానే, అంటే ఓటమి ఒప్పుకుని తట్టగానే, ఏం జరుగుతోంది? వెంటనే వదలాలి. అర సెకను ఆలస్యం చేసి నవ్వేవాడు ఒకడుండి, కోచ్ వాణ్ని ఏమీ అనకపోతే లేచి వచ్చెయ్యండి. మెడ పక్క రక్తనాళాలు నొక్కే చోక్ సరిగా బిగిస్తే పది సెకన్లలోపే స్పృహ పోతుంది. మడమ తిప్పే హీల్ హుక్ అయితే నొప్పి తెలిసేసరికే మోకాలి లిగమెంట్ తెగిపోయి ఉండొచ్చు. అందుకే కొత్తవాళ్లున్న క్లాసులో హీల్ హుక్‌లు వేయనివ్వని కోచ్ మంచి కోచ్.

రౌండ్లు నడుస్తున్నప్పుడు కోచ్ కళ్లు ఎక్కడున్నాయి? దెబ్బలు పెరుగుతున్నాయని గమనించి "మెల్లగా, మెల్లగా" అని అరుస్తున్నారా, లేక గెలిచేవాణ్ని ఇంకా ఎగదోస్తున్నారా? ఫోన్‌లో ఉన్నారా?

నాలుగోది, ఓడినవాడి ముఖం. రౌండ్ అయ్యాక ఇద్దరూ కూర్చుని "అక్కడ నా చెయ్యి ఎలా చిక్కింది?" అని మాట్లాడుకుంటుంటే ఆ చోట మీరు బాగుపడతారు. ఓడినవాడు గోడ పక్క తల దించుకుని కూర్చుంటే, ఎవరూ పలకరించకపోతే, మూడు నెలల్లో ఆ గోడ పక్క కూర్చునేది మీరే.

ఆడపిల్లలు, మహిళలు వెళ్తున్నట్టయితే ఇప్పటికే చేస్తున్న మహిళలు ఎంతమంది, ఎన్నాళ్లుగా ఉన్నారు అన్నది చూడండి. వాళ్లలో ఒకరితో బయట రెండు నిమిషాలు మాట్లాడండి. పట్లు నేర్చుకోవడంలో ఒంటికి ఒళ్లు తగులుతుంది, తప్పదు. జత ఎవరితో పడాలన్నది మీ ఇష్టానికి వదులుతున్నారా, వద్దంటే ప్రశ్నించకుండా మారుస్తున్నారా అన్నదే అసలు పరీక్ష. పిల్లల్ని చేర్పించే తల్లిదండ్రులు కూడా ఇదే క్లాసుకి వచ్చి కూర్చోవాలి. "కొట్టుకోవడం నేర్చుకోడానికి ఎదురు డబ్బులు కట్టడమేంట్రా" అన్న మా అమ్మని ఒక సాయంత్రం తీసుకెళ్లి కూర్చోబెట్టాను. బయటికొచ్చాక, "ఒకళ్లకొకళ్లు దణ్ణం పెట్టుకుంటున్నారే" అంది. ఆ తర్వాత ఇంట్లో గొడవ లేదు. పిల్లల క్లాసులో తల మీద కొట్టించే స్పారింగ్ కనపడితే మాత్రం ఎంత పేరున్న చోటైనా వద్దు.

వీలైతే రెండుసార్లు వెళ్లండి, వేర్వేరు రోజుల్లో. ఇంటర్ పరీక్షల ముందు, కార్తీకంలో మాలలు వేసుకున్నప్పుడు క్లాసులు పలచబడతాయి. ఆ రోజుల్లో చూసి మనుషులే లేరనుకోకండి.

6. నేర్పేవారు ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడగండి

మర్యాదగా అడిగితే మంచి గురువు సంతోషంగా చెప్తారు. "సార్, మీరు ఎవరి దగ్గర నేర్చుకున్నారు? మీరు పోటీల్లో ఆడారా?" అంటే చాలు. ఎంఎంఏకి బెల్టులు లేవు. ఎంఎంఏలో బ్లాక్ బెల్ట్ అని ఎవరైనా అంటే, ఏ విద్యలో బెల్ట్, ఎవరిచ్చారు అని అడగండి. బ్రెజిలియన్ జియు జిట్సులో పెద్దవాళ్లకి తెలుపు, నీలం, ఊదా, గోధుమ, నలుపు అనే వరుస ఉంది. అంతర్జాతీయ సమాఖ్య ఐబీజేజేఎఫ్ నిబంధన ప్రకారం మామూలుగా నీలంలో రెండేళ్లు, ఊదాలో ఏడాదిన్నర, గోధుమలో ఏడాది గడవాలి. నిజానికి నలుపు చేరడానికి చాలామందికి పదేళ్ల దాకా పడుతుంది. అందుకే మన ఊళ్లో నీలం బెల్ట్ ఉన్న మనిషి నేర్పుతుంటే చిన్నచూపు చూడకండి. "నేను బ్లూ బెల్ట్‌ని, ఫలానా ఆయన దగ్గర తీసుకున్నాను, ఏడాదికి రెండుసార్లు వెళ్లి నేర్చుకొస్తాను" అనే మనిషిని నేను నమ్ముతాను. మూడు నెలలకో బెల్ట్ టెస్ట్, టెస్ట్‌కో ఫీజు పెట్టే చోటుని నమ్మను.

సర్టిఫికెట్‌తో స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తుందని ఆశ చూపిస్తే, ఆ ఆట పేరున్న జీవో చూపించమనండి.

7. డబ్బు

నెలనెలా కట్టండి. ఏడాదికి కడితే సగానికి సగం తగ్గిస్తామన్నా మొదటి మూడు నెలలు నెలనెలానే కట్టండి, తగ్గింపు ఎక్కడికీ పోదు. అడ్మిషన్ ఫీజు, డ్రెస్సు, పరీక్ష ఫీజులు అన్నీ కలిపి ఎంతవుతుందో ముందే కాగితం మీద రాయించుకోండి. దెబ్బ తగిలి నెల మానేస్తే ఆ నెల ఫీజు ముందుకు జరుపుతారా అని కూడా అడగండి.

సామాను మొదటి నెలలోనే కొనిపించేచోట జాగ్రత్త. మొదట కావలసింది మౌత్‌గార్డ్, చేతులకి చుట్టుకునే హ్యాండ్ ర్యాప్స్. మౌత్‌గార్డ్ వేడినీళ్లలో ముంచి పళ్లతో కొరికి మీ పళ్ల అచ్చు పడేలా చేసుకునే రకం చాలు. ర్యాప్స్ 180 అంగుళాలవి తీసుకోండి, పొట్టివి పెద్దవాళ్ల మణికట్టుకి సరిపోవు. మగవాళ్లు గ్రోయిన్ గార్డ్ తీసుకోవాలి. బ్యాగ్ కొట్టే గ్లవ్స్ రెండో నెలలో. స్పారింగ్ దశకొచ్చాక చాలామంది పెద్దవాళ్లకి 16 ఔన్సుల బాక్సింగ్ గ్లవ్స్, మోకాలి కింది ఎముకకి కట్టుకునే షిన్ గార్డులు కావాలి. టీవీలో కనపడే 4 ఔన్సుల చిన్న గ్లవ్స్ పోటీకి మాత్రమే. వాటితో స్పారింగ్ చేయించేవాళ్ల దగ్గర మీ ముఖం పెట్టకండి.

8. చర్మం సంగతి ఎవరూ చెప్పరు, నేను చెప్తాను

కోస్తాలో ఉక్కపోత, చెమట, ఒకే మ్యాట్ మీద ఇరవై ఒళ్లు. తామర రావడానికి ఇంతకంటే అనువైన చోటు లేదు. క్లాసుకి ముందో తర్వాతో రోజూ మ్యాట్‌ని క్రిమినాశినితో తుడుస్తారా అని సూటిగా అడగండి. బాత్రూంకి చెప్పులేసుకుని వెళ్తున్నారా, వట్టికాళ్లతో వెళ్లి మళ్లీ మ్యాట్ ఎక్కుతున్నారా చూడండి. ఈ ఒక్క సంగతి చూస్తే ఆ చోటు శుభ్రత మొత్తం తెలిసిపోతుంది.

క్లాసు అయ్యాక సాధ్యమైనంత త్వరగా సబ్బుతో స్నానం చేయండి. అదే టీషర్ట్ మర్నాడు ఆరబెట్టి తొడుక్కోవద్దు. గుండ్రంగా, అంచు ఎర్రగా, దురదగా మచ్చ కనపడితే మ్యాట్ ఎక్కడం ఆపి చర్మ డాక్టర్‌ని కలవండి. మందుల షాపులో "తామరకి ఏదైనా ఇవ్వు అన్నా" అని అడిగితే చాలాసార్లు స్టెరాయిడ్ కలిసిన క్రీమ్ చేతిలో పెడతారు. రెండు రోజులు దురద తగ్గుతుంది, లోపల తామర పాకిపోతుంది, తర్వాత అసలు మందుకి కూడా నెలలు పడుతుంది. మా క్లాసులో ఒకతనికి ఇదే జరిగింది, నాలుగు నెలలు దూరమయ్యాడు. మచ్చలున్నవాళ్లని కోచ్ ఇంటికి పంపేస్తున్నారంటే అది కఠినత్వం కాదు, మిగతావాళ్ల మీద శ్రద్ధ.

హెపటైటిస్ బి టీకా వేయించుకోకపోతే మూడు డోసులు పూర్తి చేసుకోండి. బీపీ, గుండె, మూర్ఛ, పాత వెన్నునొప్పి, భుజం జారిన చరిత్ర ఉంటే డాక్టర్‌తో మాట్లాడకుండా చేరొద్దు. తలకి దెబ్బ తగిలి తల తిరిగినా, వాంతి వచ్చినా, కాసేపు ఏం జరిగిందో గుర్తులేకపోయినా ఆ రోజుకి సాధన అయిపోయింది. కోచ్ ఇంకో రౌండ్ చేయమన్నా చేయకండి, ఒంటరిగా బండి నడుపుకుంటూ ఇంటికి వెళ్లకండి, ఆసుపత్రికి వెళ్లండి.

9. మొదటి నెల గమనించుకోండి

ఒళ్లునొప్పులు మామూలే. మొదటి రెండు వారాలు మెట్లు దిగడం కష్టం, మెడ తిప్పడం కష్టం. మర్నాడు క్లాసుకి వెళ్లాలంటే ఒళ్లు బరువుగా ఉండటం వేరు, మనసులో భయం ఉండటం వేరు. ఫలానా మనిషితో జత పడుతుందేమో అని రోడ్డు మీదే గుండె దడ మొదలైతే కోచ్‌కి చెప్పండి: "సార్, ఆయనతో నాకు ఇప్పుడే కష్టం, కొన్నాళ్లు వేరేవాళ్లతో చేస్తాను." మంచి చోట ఆ మాటకి ఒక్క నిమిషంలో పరిష్కారం దొరుకుతుంది. వెక్కిరింపు ఎదురైతే ఆ నెలతో సరి. నేనా మాట అడక్కుండా ఆర్నెల్ల ఫీజు పోతుందని భయపడి రెండు నెలలు లాగాను. పోయిన డబ్బు పోయింది, మోకాలు పోతే తిరిగి రాదు.

మానేసేటప్పుడు మాత్రం చెప్పి రండి. మన ఊళ్లో ఈ విద్య నేర్పేవాళ్లు తక్కువ, ఒకరికొకరు తెలుసు. నాలుగేళ్ల తర్వాత ఏదో ఒక పోటీలో అందరూ ఒకే మ్యాట్ దగ్గర కలుస్తారు.

చేరాలని నిర్ణయించుకున్నాక మొదటిరోజుకి: చేతిగోళ్లు, కాలిగోళ్లు కత్తిరించుకోండి. తలకి నూనె పెట్టుకోకండి, మ్యాట్ జారుతుంది, పక్కవాళ్ల చేతులకి పట్టు దొరకదు. ఉంగరాలు, చెవిపోగులు, చేతికి కట్టుకున్న దారాలు, మొలతాడు వేళ్లకి చిక్కుకుంటాయి, తీసి రండి. తీయలేని మెట్టెలు, గుడి దారం ఉంటే టేప్ చుట్టుకోండి, మంగళసూత్రం ఇంట్లో నమ్మకమైన చోట పెట్టి రండి లేదా ఏం చేయాలో అక్కడి మహిళల్ని అడగండి. జేబులు, జిప్పులు లేని షార్ట్, ఒంటికి అంటుకునే టీషర్ట్, రెండు లీటర్ల నీళ్లు, విడిగా ఒక తువ్వాలు. క్లాసుకి రెండు గంటల ముందే తినెయ్యండి. పది నిమిషాలు ముందుగా చేరుకుని, మీకున్న పాత దెబ్బలేమిటో కోచ్‌కి ఒక్కొక్కటే చెప్పండి. ఆయన వింటున్నప్పుడు మీ కళ్లలోకి చూస్తున్నారో లేదో గమనించండి.